అక్క కాచిన నూనె, నేను దాచిన మందు

ఆ శనివారం పొద్దున నేను చేసిన తప్పు ఒకే ఒక్క వాక్యం. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో "గుంటగలగరాకు నూనె రాస్తే ఉన్న జుట్టు కూడా ఊడుతోంది, జాగ్రత్త" అని పెట్టాను. ఆ నూనె కాచేది మా అక్క.

అక్కది గౌడవెల్లి. పొలం గట్ల మీద ఆకు కోసుకొచ్చి, దంచి, కొబ్బరినూనెలో కాచి సీసాల్లో పోస్తుంది. శామీర్‌పేట దగ్గర మా కాలనీలో మూడిళ్లవాళ్లు కొనడం మొదలుపెట్టాక, ఇక కూలికి పోయే పని ఉండదని సంబరపడింది. నా వాక్యం పడిన గంటలోపే మూడు సీసాలూ మా గేటు దగ్గరికి తిరిగొచ్చాయి. కొన్నవాళ్లెవరో చెప్పేశారు కాబోలు, ఆ వెంటనే అక్క ఫోను.

"ఏందిర, నా నూనెతోని నీ ఎంటుకలు పోయినయా?"

"అవునక్కా. బాత్రూంల నీళ్లు పోయే జాలీ నిండ ఎంటుకలే."

"మొలుస్తయని నేనెన్నడన్న అన్ననా? నెత్తి సల్లగుంటదన్న, గంతే. సరే, సీసాలు జమచేసి పెట్టు. సోమారం సంది మల్ల కూలికి పోత."

నేను అక్కకు చెప్పనిది ఒకటుంది. నెలన్నర కింద తుర్కపల్లి నుంచి వచ్చే కంపెనీ క్యాబులో వెనక సీటతను "అన్నా, నీ నెత్తి మీద హెలికాప్టర్ దించొచ్చు" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. మర్నాడు సెలవు పెట్టి మేడ్చల్‌లో చర్మ డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. జుట్టు నాటించుకుందామంటే నాకు సూది చూస్తేనే చెమటలు. ఆపరేషన్ వద్దులెండి అని ఆయన తలకు పూసే మందు రాసిచ్చాడు. ఇంకా ఏదో చెబుతుంటే, ఆయన ఒత్తైన జుట్టు సొంతమా, విగ్గా అని చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో నవ్వుతారని మందును బూట్ల స్టాండులో దాచి రెండు పూటలా పూసుకున్నాను. అక్క నూనె రాసింది వారానికి ఒక్కసారే. అయినా జుట్టు రాలేసరికి ఖరీదైన మందును అనుమానించడానికి మనసొప్పలేదు. ఇంట్లో కాచిన నూనె లోకువైంది.

అక్క గొంతు చెవిలో మోగుతూనే ఉంది. మధ్యాహ్నం మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాను.

"ఈ మందు మొదలుపెట్టిన కొత్తలో కొన్నాళ్లు ఎక్కువగా రాలడం మామూలే. ఆ రోజే చెప్పాను కదా?" అన్నాడు.

"వినలేదు సార్. మరి నూనె?"

"నూనెతో కొత్త జుట్టు రాదు. అలాగని మీ జుట్టు ఊడింది దానివల్ల అనీ అనుకోను. మందు ఆపకండి, ఓపిక పట్టండి."

అక్కడి నుంచి బండి నేరుగా గౌడవెల్లికి తిప్పాను. అక్క నూనె కాచే మూకుడు బోర్లించి ఉంది.

"తప్పు నాదేనక్కా. దాసి మందు పూసుకున్న. నీ నూనెను బద్నాం జేసిన."

అక్క నా తల వంక చూసింది. "గది దాసుడెందుకుర? నీ నెత్తి అందరికీ కనవడ్తనే ఉండె గద!" అని నవ్వింది. కళ్లు మాత్రం తుడుచుకుంది. "గ్రూపుల రాస్తే సగం మంది సదవరు. ఇంటింటికి పోయి నోటితోని చెప్పు."

గ్రూపులో మందు సంగతంతా రాశాను. సాయంత్రం మూడు సీసాలూ పట్టుకుని బయలుదేరాను. మొదటి ఇంటి ఆవిడది రాజమండ్రి వైపు. నా మాట పూర్తికాకముందే లోపలికి చూస్తూ, "అయ్యో, మా వారూ అంతేనండీ, ఏదో సీసా అటక మీద దాచుకుని పూసుకుంటున్నారు!" అంది. లోపల టీవీ శబ్దం పెరిగింది. ఆవిడ నూనె సీసా తీసుకుంది. రెండో ఇంట్లోనూ తీసుకున్నారు. మూడో ఇంటాయన మాత్రం, "పొద్దున ఒకటంటిరి, పొద్దుగూకినంక ఒకటంటిరి, దేన్ని నమ్మాలె?" అని తలుపేసుకున్నాడు.

ఆ మాటా దాచకుండా అక్కకు ఫోన్ చేసి చెప్పాను. మరుసటి శనివారం మళ్లీ వెళ్లి ఆ తలుపు కొట్టాను.