తెల్ల పూత, తడి గోనెపట్టాలు

నెవాడా ఎడారిలో పవర్ ప్లాంటు కట్టిన రోజుల్లో మా సూపరింటెండెంటు తెలుగాయనే. ముప్పై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నారు. ఇల్లు మిషిగన్‌లో, కాపురం సైటు ట్రైలర్‌లో. చేరిన రోజున నోరు జారి అంకుల్ అన్నాను. "సైట్‌లో అంకుల్ లేడమ్మాయ్, ఇంటికొస్తే ఉంటాడు," అన్నారు. ఆ తర్వాత అన్నీ సార్లే.

నేనేం తక్కువ తినలేదు. ఆయన పికప్ వెనక, టార్పాలిన్ కింద, రెండు చుట్టల గోనెపట్టా ఎప్పుడూ ఉండేది. రైస్ మిల్లు పెడుతున్నారా సార్ అని ఏడిపించేదాన్ని. పనికొస్తాయిలే అనేవారు.

టర్బైన్ పునాది నాకు మొదటి పెద్ద పని. ఎండెక్కితే కాంక్రీటు తొందరపడి బిగుసుకుంటుంది కాబట్టి ఐసు కలిపి, తెల్లవారుతుండగానే మొదలుపెట్టి, ఎనిమిదికల్లా పోసేశాం. పైన తెల్లటి పూత ఒకటి స్ప్రే చేశారు. లోపలి తడి ఎగిరిపోకుండా అదే కాపాడుతుందట. సార్ మీటింగ్‌కి వెళ్లారు.

నాకు మాత్రం మనసొప్పలేదు. మన దగ్గర స్లాబు మీద మట్టిగట్లు కట్టి, వారం పాటు నీళ్లు నిలబెట్టడం చూసి చదువుకున్నదాన్ని. అంత ఎండలో చుక్క నీరివ్వకుండా వదిలేయడం చూస్తే, పసిబిడ్డకు పౌడరు రాసి ఎండలో పడుకోబెట్టినట్టుంది. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే ట్యాంకర్‌ను పిలిచి, ఎవరినీ అడక్కుండా, బాగా తడపమన్నాను. ఏదో ఘనకార్యం చేసినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాను కూడా.

ఇంకా ఆరని పూత పాలలా కారిపోయింది.

సార్ వచ్చి బూట్ల కింద పారుతున్న తెల్లనీళ్లు చూశారు. తిట్టలేదు. పైభాగం ఇప్పుడు ఆరిపోతే పగుళ్లొస్తాయని, లోతుగా పోతే పునాది పగలగొట్టాల్సిందేనని చెప్పారు. అది పగిలితే నా ఉద్యోగం, దాంతోపాటు హెచ్-వన్-బి వీసా పోతాయని ఆయన చెప్పక్కర్లేదు. ట్రైలర్ వెనక్కి వెళ్లి ఏడ్చాను. తిరిగొచ్చేసరికి ఆయన పికప్‌లోంచి గోనెపట్టాలు దించుతున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

తప్పు నాదేనని రిపోర్టులో రాశాను. ఆయన చదివి, సంతకం పెట్టి, పునాది మీద తడిపి పరిచిన పట్టా ఏడు రోజులూ ఆరకుండా చూసే పని నాకే అప్పగించారు. గంటకోసారి వెళ్లి తడిపేదాన్ని. ఉయ్యాల కూడా తెప్పించమంటావా అని రోజూ అడిగేవారు. నవ్వొచ్చేది కాదు.

ఎనిమిదో రోజు పట్టాలు తీశాం. ఇద్దరం గొంతుక్కూర్చుని అడుగడుగూ వెతికాం. ఒక మూల సన్నటి గీత కనిపించింది. ఆయన బొటనవేలితో రుద్దారు. గీత ఊడి చేతికొచ్చింది. గోనెపీచు.

పగుళ్లు లేవని తేలాక అడిగాను, ఇక్కడంతా పూతతోనే సరిపెట్టుకుంటుంటే ఈ పట్టాలెందుకు మోస్తున్నారని. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"ముప్పై ఏళ్లయింది, ఆ పెయింట్ మీద నాకూ నమ్మకం కుదర్లేదమ్మాయ్. కాకపోతే నీళ్లు కొట్టేముందు నేను అడుగుతా."

ఆయన రిటైరై మిషిగన్ వెళ్లిపోయారు. ఫోన్‌లో ఇప్పుడు అంకులే. నేను వేరే ఎడారిలో వేరే ప్లాంటు కడుతున్నాను. నా కారు ట్రంక్‌లో రెండు చుట్టల గోనెపట్టా ఉంటుంది. ఎవరైనా అడిగితే రైస్ మిల్లు పెడుతున్నానని చెబుతాను.