లొంగిపోయిన రాజు, మా నాన్న

మొన్న టీవీలో యూరప్‌లో ఎక్కడో జరిగిన రాజకుటుంబం వేడుక చూస్తూ, రాజులు ఇంకా ఉన్నారా తాతయ్యా అని మా మనవరాలు అడిగింది. ఉన్నారమ్మా అన్నానే గాని, నాకు తెలిసిన రాజు సంగతి దానికి చెప్పలేకపోయాను.

ఎనభైలలో నూజివీడు మామిడితోటల్లో మా నాన్న కోతల మేస్త్రి, ఆయన మాట మీద ఇరవై మంది చెట్లెక్కేవారు. నేను పదో తరగతి తప్పి, పగలు కొసన వల కట్టిన చిక్కంకర్రతో కాయలు దించుతూ, సాయంత్రం లైబ్రరీలో దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. చదివింది మర్నాడు అన్నాలవేళ అందరికీ చెప్పకపోతే నాకు తిన్నది అరిగేది కాదు.

ఆ ఏడు ఒక రాజు జీవితచరిత్ర పట్టుకున్నాను. పెద్ద దేశపు సైన్యం మీద పడితే, ఆ చిన్న దేశపు రాజు కొన్నాళ్లు పోరాడి, మంత్రులు వద్దంటున్నా లొంగిపోయాడు. సగం చదివి, క్యారేజీలు విప్పుకుంటున్న వాళ్ల ముందు, ఆయన పిరికివాడనీ ద్రోహి అనీ తీర్పు చెప్పేశాను. సైనికులకీ పిల్లలుంటారు కదరా అన్నాడు నాన్న, అంతే.

పది రోజులకే మా బాబాయి, నాన్న సొంత తమ్ముడు, పుచ్చుకొమ్మ విరిగి కిందపడి చనిపోయాడు. పిన్నికి ఏదైనా దారి చూపేదాకా ఎవరూ చెట్టెక్కకూడదని నాన్నే కట్టడి చేశాడు. తోట గుత్తకు తీసుకున్న షావుకారు కదల్లేదు. రసాలు పండి రాలి, తోటంతా పులిసిన వాసన, ఈగలు. పన్నెండో రోజున ఒకరింట్లో జ్వరపడ్డ బిడ్డకి గంజి కూడా లేదని విని, నాన్న ఎవరితోనూ చెప్పకుండా వెళ్లి, పనిలోకి వస్తామని ఒప్పుకొని వచ్చాడు. పిన్నికి ఏమీ రాలేదు.

మర్నాడు అందరూ చెట్లెక్కారు గాని, ఆయన్ని మాత్రం క్షమించలేదు. మా మేనమామ కొమ్మ మీంచి, "ఏరా అల్లుడూ, నీ పుస్తకంలో రాజుగారు మీ ఇంట్లోనే ఉన్నాడు కదరా!" అని అరిస్తే తోటంతా నవ్వింది. నాన్న కింద గంపలు సర్దుతున్నాడు. నేను నవ్వలేదు, కాదని అననూ లేదు.

ఆ వారమే మిగతా సగం చదివాను. రాజు పారిపోకుండా తన సైనికులతో పాటే బందీ అయ్యాడట. యుద్ధమయ్యాక తిరిగొస్తే జనం రెండుగా చీలి నెత్తురు చిందడంతో, గద్దె కొడుక్కి వదిలేశాడట. ఈ మాట చెబుదామని పరుగున వెళ్లేసరికి నాన్న మేస్త్రిపని మామకి అప్పగించేసి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఇక చాల్లేరా ఆ కథ" అన్నాడు. పిన్ని చింతలపూడిలో పుట్టింటికి వెళ్లిపోయి, మళ్లీ మా గడప తొక్కలేదు.

ఇప్పుడు కోతలకి ఎక్కడెక్కడి వాళ్లో వ్యాన్లలో వస్తారు, పక్కచెట్టు మీదవాడి పేరు కూడా ఎవరికీ తెలియదు. నిరుడు ఒకతను పడిపోతే, ఆటోలో వేసి పంపించి, ఆ పూటే ఇంకొకణ్ణి అదే చెట్టెక్కించారు. మా నాన్న మాట మీద మేము పన్నెండు రోజులు ఆగాం.