కొవ్వొత్తి అనే మాట మా ఇంట్లో పడ్డ రోజు

మా చిన్నప్పుడు... శంషాబాద్‌లో మా వంటింట్లో ఒక పొయ్యి మీద పప్పు ఉడికేది, పక్క పొయ్యి మీద మైనం కరిగేది. నిజంగానే. ఎయిర్‌పోర్ట్ కొత్తగా వచ్చిన రోజులవి... విమానం మా ఇంటి మీదుగా పోతే గిన్నెల మీద మూతలు గలగలమనేవి.

అమ్మ ఎక్కడో ఆడవాళ్ల ట్రైనింగ్‌కు వెళ్లి ముక్కల మోంబత్తి చేయడం నేర్చుకొచ్చింది. రంగు మైనాన్ని పళ్లెంలో పోసి, కాస్త గట్టిపడగానే బర్ఫీలా కోయాలి. ఆ ముక్కల్ని స్టీలు గ్లాసులో వత్తి చుట్టూ నింపి, పైనుంచి తెల్ల మైనం పోయాలి. ఆరాక బయటికి తీస్తే... తెల్లటి దాంట్లోంచి ఎర్రవి, పచ్చవి, నీలం ముక్కలు తొంగిచూసేవి. గల్లీలో అందరూ పండక్కీ పుట్టినరోజుకీ కొనుక్కుపోయేవాళ్లు.

ముక్కలు కోసే పని మా నాయనమ్మది. అమ్మ కోస్తే ఆమెకు నచ్చదు. "జరుగు... నీకు బర్ఫీ కొయ్యనే రాదు, ఇదేం కోస్తవ్" అని కూరగాయల కత్తి లాక్కునేది. తర్వాత ఆ కత్తితోనే ఉల్లిగడ్డ తరిగేవాళ్లు. ఎవరికీ ఏ పట్టింపూ ఉండేది కాదు.

నాయనమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి. తాత పోయాక ఆమె తులసిమాల వేసుకుంది. అప్పట్నుంచి నీసు ముట్టదు... మాంసం, చేప, గుడ్డు, ఏదీ. మాకు గుడ్డు ఉడికించాలన్నా వాకిట్లో కట్టెల పొయ్యి మీదే. ఆ గిన్నె వేరు, ఆ గంటె వేరు.

ఒకరోజు మధ్యాహ్నం పై పోర్షన్‌లో కిరాయికుండే ఆంటీ కిందికి వచ్చింది. గోదావరి వైపు వాళ్లు. వరసగా పెట్టిన మోంబత్తుల్ని చూసి ముచ్చటపడిపోయింది.

"కొవ్వొత్తులు ఎంత బాగా చేశారండీ మామ్మగారూ" అంది.

నాయనమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఏంది?"

"కొవ్వొత్తులండీ."

"ఏం కొవ్వు?"

ఆంటీ బిత్తరపోయింది. మా ఇంట్లో, మా గల్లీలో అందరం మోంబత్తి అనేవాళ్లమే. కొవ్వొత్తి అని నేను బడి పుస్తకంలో చదివాను గానీ, ఆ మాటను విడగొట్టి చూడాలని ఎప్పుడూ తోచలేదు. నాయనమ్మకు విన్న క్షణంలోనే తోచింది. కొవ్వు... వత్తి.

ఆ ముఖం నేను మర్చిపోలేను. అరవలేదు, ఏడవలేదు. రెండు చేతులూ ముందుకు చాపి వాటినే చూస్తూ ఉండిపోయింది. వేళ్లకు ఎర్ర మైనం అంటుకుని ఉంది.

"ఈ చేతుల్తోనే దేవునికి దీపం వెట్టిన గదనే..." అంది మెల్లగా.

అది వట్టి పేరేనని ఆంటీ ఎంత చెప్పినా వినిపించుకోలేదు. నల్లా దగ్గర కూర్చుని చేతులు కందిపోయేదాకా పీచుతో తోముకుంది. మెడలో మాల తీసి దేవుడి గూట్లో పెట్టేసింది.

అసలు భయం తర్వాత మొదలైంది. ఆమెకు షుగర్. అన్నానికి ముందు వేసుకునే గోలీ అప్పటికే వేసుకుంది... ఇప్పుడు అన్నం ముట్టనంటోంది. ఆ వంటింట్లో వండింది ఏదీ వద్దట. ఆంటీ పైనుంచి పాలు తెస్తే అవీ వద్దంది. కాసేపటికే చేతులు వణకడం, చెమటలు... మా నాన్న, బాపు డ్యూటీలో ఉన్నాడు.

అమ్మ నన్ను రెక్క పట్టి లాక్కొచ్చి నాయనమ్మ ముందు నిలబెట్టింది. నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"అత్తా, నా బిడ్డ మీద ఒట్టు. గీ మోంబత్తిల కొవ్వు లేదు. నేను అబద్ధమాడితే..."

నాయనమ్మ వణికే చేత్తోనే అమ్మ నోరు మూసింది. "అనకు. పిల్ల మీద ఒట్టేస్తరా ఎవరన్న... పెట్టు, తింట."

పెరుగన్నం తింది. మాల మళ్లీ వేసుకుంది. అంతటితో అయిపోయిందనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకే అమ్మ మోంబత్తులు మానేసింది. గిరాకీ లేదంది. "ఎందుకు ఆపినవే, మంచిగ ఉండె గదా" అని నాయనమ్మే పోరు పెట్టేది. ఆమె కూడా పోయి చాలా కాలమైంది.

మొన్న అత్తాపూర్‌లో మా ఇంట్లో, మా పాపకు అవే ముక్కల మోంబత్తులు చేసి చూపిద్దామని సామాను తెప్పించాను. మైనం గట్టిపడటానికి కలిపే తెల్లపొడి ప్యాకెట్ మీద 'మొక్కల నుంచి తీసినది' అని రాసుంది. ఇది రాయడం దేనికి అని నవ్వుకుంటూ ఫోన్‌లో వెతికాను. నవ్వు ఆగిపోయింది. ఆ పొడిని కొందరు పామాయిల్ నుంచి తీస్తారట... కొందరు జంతువుల కొవ్వు నుంచి తీస్తారట.

అమ్మ కూడా ఆ పొడి కలిపేది. వెంటనే ఫోన్ చేశాను.

"అమ్మా, నీకు తెలుసా?"

"ఒట్టేసిన్నాడు తెల్వదు బిడ్డా. తెల్లారి దుకాణంల ఆ పొడి సంగతి అడిగిన. 'కొవ్వుతోనే అయితదమ్మా, నీకు తెల్వదా' అని నవ్విండు."

"మరి నాయనమ్మకు..."

"ఎట్ల చెప్పాలె? చెప్తే ఇగ బతుకుతుండెనా ఆమె?"

"నా మీద ఒట్టేసినవ్ గదా అమ్మా."

"దానికే గదా... నీసు మానేసిన."

అవును, మా అమ్మ నీసు తినదు. మాకు వండి పెట్టి తను పప్పు వేసుకుంటుంది. అడిగితే "నాకు పడది" అనేది. అత్తను చూసి కోడలికి భక్తి ముదిరిందని బాపు ఆటపట్టించేవాడు, మేమూ నవ్వేవాళ్లం. తప్పిన ఒట్టు నాకు తగలకూడదని ఇన్నేళ్లు నోరు కట్టుకుందని మాలో ఒక్కరికీ తెలియదు.

"ఇప్పటికైనా తినరాదే అమ్మా" అన్నాను ఏడుస్తూ.

"నువ్వు మంచిగున్నవ్ గదా... ఇప్పుడెందుకు తింట?" అంది.

మా పాప రోజుకు పదిసార్లు 'ప్రామిస్' అంటుంది, మరుక్షణం మర్చిపోతుంది. నేనూ అంతే. మాటకు అంత భయపడే మనుషులు ఇప్పుడు ఎక్కడున్నారో... మీ అమ్మ కూడా "నాకు పడదు" అంటూ ఏదైనా పక్కన పెట్టేస్తూ ఉంటే, ఎందుకని ఒక్కసారి అడగండి. ఏం చెప్పిందో కింద రాయండి... చదువుతాను.