మూడేసి దీపాల కారు

మలేషియాలో బంటింగ్ నుంచి క్లాంగ్ వెళ్ళే బస్సులో నాకు ముందు సీటు దొరికింది గానీ, దాంతోపాటు ఎండుచేపల సంచితో ఒక ముసలాయన కూడా దొరికాడు. ముక్కు మూసుకుని కిటికీ వైపు జరిగాను. ఒక స్టాపులో మా బస్సుకి అడ్డంగా ఎర్రటి పాత అమెరికన్ కారు ఆగి ఉంది. ఆ స్టాపు తన తాత సొత్తయినట్టు, లోపల నల్లకళ్ళద్దాలవాడు తీరిగ్గా ఫోన్ మాట్లాడుకుంటున్నాడు. నేను వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి, "కమారో రా! చూడగానే గుర్తుపట్టేశాను," అన్నాను.

ముసలాయన నవ్వాడు. "కమారో ఏటి లా?" అన్నాడు, ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి. "అది ముస్టాంగు. ఎనక సూడు, అటు మూడు, ఇటు మూడు నిలువు దీపాలు."

"మీకు కార్ల సంగతులు కూడా తెలుసా తాతా?" అన్నాను వెటకారంగా.

"మా రబ్బరు ఎస్టేటు దొరకి ఇదే ఉండేది. అదొస్తే సైకిలు దిగి, తలొంచుకుని నిలబడాల. తలెత్తేసరికి తోకే కనపడేది. మా నాయిన ఓపాలి దిగనేదు. మర్నాటి నించి ఆయనకి పని నేదు."

ఆయన దిగాల్సిన స్టాపూ అదే. డ్రైవరు తలుపు తెరిచి, దిగమని మలయ్‌లో తొందరపెట్టాడు. ముసలాయన కదల్లేదు.

"ముందది పోనీ. ఆ కారు కోసం దిగింది సాలు."

డ్రైవరు హారన్ కొట్టాడు. వెనకవాళ్ళు విసుక్కున్నారు. ఆ ఆరు దీపాలూ కదిలి మలుపు తిరిగేదాకా ఆయన కూర్చునే ఉండి, అప్పుడు తాపీగా దిగాడు. ఎండుచేపల సంచి నేనే అందించాను.