అత్తమ్మ సున్నపు రోలు

మొన్న మునిసిపాలిటీవాళ్ళు కొందరిని ఒక హాల్లో కూర్చోబెట్టి, ఈ నగరంలో పాతవాటిలో వేటిని ముందు కాపాడాలో, వేటి మీద ముందు పరిశోధన చెయ్యాలో జాబితా చదివారు. మా పేట కామాటిపురాలో పెద్దమనిషినట, నన్నూ పిలిచారు. మొదటి అంశమే సున్నం. పాత రాతి భవనాలకు సిమెంటు పూస్తే రాళ్ళు పాడవుతున్నాయట, వెనకటిలా నూరిన సున్నమే కావాలట. దాని కింద ఇంకో వాక్యం: ‘ఈ పని తెలిసినవారు గానీ, పనిముట్లు గానీ నగరంలో దొరకలేదు.’ సమోసా నా నోట్లోనే ఉండిపోయింది. ఎట్లా దొరుకుతాయి, వాటి మీద నేను కూర్చుంటే!

మా చాల్, అదే గదికో కుటుంబం ఉండే పాత మేడ, దాని వాకిట్లో పెద్ద రాతి రోలు ఉండేది. పాలమూరు నుంచి కూలికి వచ్చిన మా తాతముత్తాతలు ఈ ఊళ్ళో మేడలు కడుతుంటే, ఆడవాళ్ళు ఆ రోట్లో సున్నం నూరేవారు. ఆ పని నేర్చిన చివరి మనిషి మా మేనత్త. కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు ఎప్పుడెంత పొయ్యాలో ఆవిడకు కొలతలు లేవు. చిటికెడు సున్నం వేళ్ళ మధ్య రుద్ది “ఇంక జర నూరాలె” అనేది, అంతే. ఆ పని అడిగేవాళ్ళు లేకుండా పోయి ఎన్నేళ్ళయినా, దసరాకు రోలు కడిగి పసుపూ కుంకుమా పెట్టేది. మిగతా రోజుల్లో మేం దాంట్లో బట్టలు నానబెట్టి తిట్లు తినేవాళ్ళం. “మీ అవ్వల రెక్కల కష్టంరా అది, సబ్బునీళ్ళు పోస్తరా!”

కొన్నేళ్ళ కిందట, ఊళ్ళో పాతవి ఏమున్నాయో రాసుకునే సర్వేవాళ్ళు వచ్చారు. అప్పుడే మా అమ్మాయికి సంబంధం చూస్తున్నాం. అబ్బాయివాళ్ళకు మేం పక్కపేట నాగ్‌పాడాలో ఉంటామని చెప్పాను. కామాటిపురా అంటే ఒళ్ళమ్ముకునే వీధులేనని జనం ముఖాలు ఎట్లా పెడతారో నాకు తెలుసు. సర్వేవాళ్ళ చేతిలో కెమెరా చూశాను. ఈ వాకిలి ఫోటో పేపర్లో పడితే ఇంకేమన్నా ఉందా! గబగబా రోటి మీద చెక్కపలక వేసి, గోనెసంచి కప్పి, దర్జాగా కూర్చున్నాను. వాళ్ళలో ఒక అమ్మాయి మరాఠీలో అడిగింది, “కాకా, ఇక్కడ పాతవి ఏమైనా ఉన్నాయా?” “ఏమీ లేవమ్మా, మురికి తప్ప” అన్నాను. లోపల మంచం మీద నుంచి అత్తమ్మ తెలుగులో ఒకటే కేకలు. “అల్లుడా, లేవురా దాని మీదికెల్లి! నన్నడగమను, సున్నం ముచ్చట నేను చెప్త!” ఆ పిల్ల “ఆవిడ ఏమంటున్నారు?” అన్నది. “చాయ్ తాగి పొమ్మంటున్నది” అన్నాను. పాపం, ఆ పిల్ల లోపలికి తిరిగి నమస్కారం పెట్టి, రాసుకున్న కాగితం మీద నా సంతకం తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సంబంధం ఎట్లాగూ కుదరలేదు. “నన్ను బతికుండంగనే లేదంటివి గదరా” అని అత్తమ్మ నాతో మాటలు మానేసింది. మరుసటి వానాకాలంలో పోయింది. తర్వాత చాల్ కూలగొట్టినప్పుడు, రోలును సుత్తెలతో పగలగొట్టి కొత్త బిల్డింగు పునాదిలో పోశారు. నేను పక్కనే నిలబడి చూశాను.

హాల్లో లేచి ఇదంతా చెప్పాను. వేదిక మీద కూర్చున్నాయన మర్యాదగానే విన్నాడు. “ఆధారం ఏదైనా ఉందా?” అని అడిగి, ఫైలు తిరగేసి ఒక కాగితం నా వైపు తిప్పాడు. మా గల్లీ గురించి వాళ్ళ దగ్గర ఉన్నది అదొక్కటే. ‘ఏమీ లేవు’, దాని కింద నా సంతకం. మా ఆడవాళ్ళు మూడు తరాలు నూరిన సున్నాన్ని ఈ ఊరి లెక్కలోంచి తుడిచెయ్యడానికి, నేను ఆ పలక మీద కూర్చున్న పావుగంట సరిపోయింది.