మైపాడులో తేలిన పంతం

డైవింగ్‌లో గాలి సిలిండర్‌ను వీపుకు బిగించడానికి ఒక పలక ఉంటుంది. "మీరు బక్కగా ఉన్నారు సార్, ఉక్కుది మిమ్మల్ని ముంచేస్తుంది. అల్యూమినియం తీసుకోండి" అన్నాడు చెన్నైలో కొట్టు యజమాని, నలుగురి ముందు. ఆ మాట నేను ఇంతవరకూ మరచిపోలేదు. పంతం కొద్దీ ఉక్కుదే కొన్నాను.

హైదరాబాదుకు తిరిగి వెళుతూ మైపాడు సముద్రతీరంలో ఆగాను. ఒడ్డున వలకు సీసం గుండ్లు కడుతున్న డేవిడ్ అనే పెద్దాయనకు నాకు జరిగిన అవమానమంతా చెప్పాను. ఆయన పలకను చేత్తో ఎత్తి కూడా చూడలేదు.

"చేతిలో బరువుతో పనేందన్నా? మేము గుండు కట్టినా, బెండు కట్టినా ఉప్పునీళ్ళలో దించే చూస్తాం. రా, నిన్నూ దించుదాం."

పక్కనే ఉన్న ఉప్పునీటి కాలువలో నిలువులోతు చోట, పలకను నా వీపుకు కట్టి, నడుముకు తాడు వేసి దించాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నా నేరుగా అడుగుకే పోయాను. ఆయన తాడు పట్టి లాగాడు.

"ఆ కొట్టాయన నిజమే చెప్పినాడు గదన్నా!"

"చెప్పాడు. నలుగురి ముందు ఎందుకు చెప్పాలి?"

"అట్టయితే ఇంకోసారి దించమంటావా?"

ఉక్కు పలకను ఆయనకే ఇచ్చేశాను. మర్నాడు మళ్ళీ చెన్నై వెళ్ళి అల్యూమినియం పలక కొన్నాను, ఆ కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఉన్న కొట్లో.