మేష్ట్రు అన్న ఒకే ఒక్క ‘సాకు’

బుధవారం మధ్యాహ్నం బెంగళూరులో మ్యాచికి బూట్లు కట్టుకుంటూ ఉంటే బాగేపల్లి నుంచి ఫోన్ వచ్చింది. నాకు బాస్కెట్‌బాల్ నేర్పిన పి.టి. మేష్ట్రు పోయారు. ఫోన్ చేసింది ఆయన భార్య. ఆవిడ ఏడవలేదు. “పొద్దున కాఫీ తాగినాడు, కూర్చున్నట్లే పోయినాడమ్మా. నువ్వు ఆట ముగించుకొనే రా. మధ్యలో లేచొస్తే ఆయనకి సరిపోదు” అన్నారు. ఆడాను. ఎలా ఆడానో అడక్కండి. ఆట కాగానే చెమట బట్టలతోనే బస్సెక్కాను.

మాది కర్ణాటక సరిహద్దులో, బాగేపల్లి దగ్గరి పరగోడు. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. ఆరో తరగతికి బాగేపల్లి బడిలో చేరిన వారానికే ఆయన నన్ను కోర్టులోకి లాగారు. మట్టి కోర్టు. ఆటకి ముందు ఒక్కొక్కరూ గుప్పెడు గులకరాళ్ళు ఏరాలి, ఏరనివాళ్ళకు బంతి లేదు. తానూ ప్యాంటు మడిచి వంగి ఏరేవారు. విజిల్ మెడలో వేలాడుతుండేదే గానీ ఊదింది తక్కువ. ఆ గొంతు బస్టాండు దాకా వినిపిస్తుంటే విజిల్ ఎందుకు? మేము ఆడుతుంటే బంతిని చూసేవారు కాదు, మా కాళ్ళను చూసేవారు. “బాల్ అబద్ధం చెప్తాది. కాళ్ళకి అబద్ధం రాదు” అనేవారు.

కన్నడంలో ‘సాకు’ అంటే చాలు. తెలుగులో సాకంటే వంక. మా నోళ్ళలో రెండూ నానుతూనే ఉండేవి. అలిసిపోయి “సాకు సార్” అంటే ఆయన నవ్వకుండా, “కన్నడ సాకు నా దగ్గర లేదు. తెలుగు సాకు నీ దగ్గర ఉండకూడదు. పో, ఇంగో పది రౌండ్లు” అనేవారు. లోలోపల బాగా తిట్టుకునేవాళ్ళం.

ఆ మాట ఆయన తనంతట తానుగా అనడం ఒక్కసారే విన్నాను. అప్పుడు తొమ్మిదో తరగతి. చిక్కబళ్ళాపురంలో ఎంపిక పోటీలు. ఈసారి రాష్ట్ర శిబిరానికి పేరు రాకపోతే ఆట మానాల్సిందేనని నాన్న ఖండితంగా చెప్పేశాడు. సరిగ్గా వారం ముందు నా కుడి మోకాలు వాచింది. ఎవరికీ చెప్పలేదు. పసుపు పట్టు వేసుకుని, పైన పట్టీ బిగించి దిగాను. ఎదుట చింతామణి జట్టు. బయటి జిల్లాలవాళ్ళతో అయితే తెలుగులో కేకలు వేసుకుని గుట్టు దాచుకునేవాళ్ళం. చింతామణి వాళ్ళకీ తెలుగొచ్చు, వాళ్ళ దగ్గర ఆ పప్పులు ఉడకవు, అంతా సైగలే. అయినా ఆ రోజు నేను వేసిందల్లా బుట్టలో పడుతోంది. ఎంపిక చేసేవాళ్ళు నన్ను చూసి ఏదో రాసుకుంటున్నారు. ఎగిరి దిగినప్పుడల్లా మోకాట్లో సూది దిగుతోంది. విరామంలో మేష్ట్రు వచ్చి నా ముందు నిలబడ్డారు.

“నొప్పి ఉండాదా?”

“లేదు సార్.”

“మరి కుడికాలు ఏమిటికి భయంగా దించుతాండావు?”

“నేల జారతాంది సార్. నున్నగుండాది.”

ఆయన నా ముఖం చూడలేదు. మోకాలే చూశారు. “సాకు” అన్నారు.

వంక చెబుతున్నావన్నారో, ఇక చాలన్నారో అర్థమయ్యేలోపే నా బదులు ఇంకో అమ్మాయిని లోపలికి పంపారు. “మా నాయన మాన్పిస్తాడు సార్!” అని ఏడ్చాను, కాళ్ళు పట్టుకోబోయాను. “కూర్చో” అన్నారు, అంతే. సాయంత్రం చదివిన జాబితాలో నా పేరు లేదు.

నెలరోజులు ఆయన ముఖం చూడలేదు. ఆ తర్వాత ఆయనే బస్సెక్కి పరగోడు వచ్చారు. చేనుగట్టు మీద నాన్న పక్కన కూర్చుని, “ఒక్క సంవత్సరం ఇయ్యప్పా. తర్వాత నీ బిడ్డ, నీ ఇష్టం” అన్నారు. నాన్నకి ఏ దేవుడు పూనాడో, సరేనన్నాడు. మరుసటేడు పేరొచ్చింది. ఆటే నాకు ఉద్యోగం ఇచ్చింది. పదేళ్ళు దాటింది, ఇంకా ఆడుతూనే ఉన్నాను. కానీ చిక్కబళ్ళాపురం మాత్రం నాకు మింగుడుపడలేదు. కలిసినప్పుడల్లా “ఆ రోజు మీరు దించకపోతే అప్పుడే ఎంపికయ్యేదాన్ని సార్” అని పొడిచేదాన్ని. “అయ్యేదానివేమో” అని ఊరుకునేవారు.

పొద్దుగూకే వేళకు బాగేపల్లి చేరాను. ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళారు.

“ఆ పొద్దు లిస్టులో నీ పేరు ఉండిందమ్మా. మొదటి పేరు నీదే. ఈయనే పోయి కొట్టేయించినాడు. ‘మోకాలు చెడిండాది, ఇప్పుడు క్యాంపుకి పంపితే ఆ పాప ఇంక ఆడలేదు’ అని వాళ్ళ ముందర నిలబడి కొట్టేయించినాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నీకు చెప్పొద్దని నా దగ్గర ఒట్టేయించుకున్నాడు. ఇంక ఆ ఒట్టు యాడిది?”

ముందు కోపమే వచ్చింది. నన్నడక్కుండా నా పేరెలా కొట్టేయిస్తారు? పోనీ, చెప్పి ఉంటే ఇన్నేళ్ళు ఆయన్ని అలా పొడిచేదాన్ని కాదు కదా. అడుగుదామంటే మనిషి లేరు. వరండాలోకి వస్తే జనం తప్పుకుని దారిచ్చారు. ఆయన పాదాల దగ్గర, గచ్చు మీద, రెండు మోకాళ్ళూ పూర్తిగా మడిచి కూర్చున్నాను. కుడి మోకాలు ఎక్కడా కలుక్కుమనలేదు.